చీకటి కూడా సంపదే

ప్రవేశిక

గాలి, నీరు, నేల కలుషితమవుతున్నాయని మనం తరచుగా వింటున్నాము. రాత్రివేళ ఆకాశం కూడా కలుషితమవుతుందనీ, అందుకు మనం వెలిగించుకొన్న దీపాలే ముఖ్యకారణమనీ చాలామందికి తెలియదు. హైదరాబాదులోని గచ్చిబౌలి ప్రాంతాన్నీ, ఈ నగరంలో వంద సంవత్సరాలకు పూర్వమే మొదలైన ఖగోళ పరిశోధన చరిత్రనూ ఆధారంగా చేసుకొని కాంతి కాలుష్యం స్వరూపాన్ని వివరించడం, దానిని తగ్గించే మార్గాలను గురించి విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వెలుగును జ్ఞానానికి, చీకటిని అజ్ఞానానికి సంకేతాలుగా భావించడం మన సంప్రదాయం. శుభకార్యాన్ని దీపం వెలిగించి ప్రారంభిస్తాము. ఊరికి కరెంటు వచ్చిన రోజును పండుగ వలె జరుపుకొన్న తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. ఇంతగా వెలుగును కోరుకొన్న మనకు చీకటిని కాపాడుకోవాలన్న మాట మొదట వింతగా తోచడం సహజమే. అయితే ఒక సత్యాన్ని మరువరాదు. పగటి వెలుగు మనకు భూమిని చూపిస్తుంది. ఆకాశాన్ని, అందులోని అసంఖ్యాకమైన నక్షత్రాలను చూపించేది చీకటి మాత్రమే.

తెలుగువారి జీవితం చుక్కలతో ఎంతగా ముడిపడి ఉన్నదో గమనించండి. పూర్ణిమనాడు చంద్రుడు కృత్తికా నక్షత్ర సమీపంలో ఉండే మాసం కార్తికం. మృగశిర సమీపంలో ఉండే మాసం మార్గశిరం. సూర్యుడు ఏ నక్షత్రం వద్ద ఉంటే ఆ పేరుతోనే కార్తెను లెక్కించి, మృగశిర, ఆరుద్ర కార్తెలను బట్టి రైతు దుక్కికి, విత్తనానికి సిద్ధపడేవాడు. కృత్తికల గుంపును పల్లె ప్రజలు పిల్లలకోడి అని ముద్దుగా పిలుచుకొన్నారు. తెల్లవారుజామున వేగుచుక్క పొడవడమే వారికి గడియారం. వినాయక చవితినాడు విగ్రహంపైన కట్టే పాలవెల్లి ఆకాశంలోని పాలపుంతకు ప్రతిరూపమని పెద్దలు చెబుతారు. వివాహ సమయంలో సప్తర్షి మండలంలోని వసిష్ఠుని చెంతనున్న అరుంధతిని నూతన దంపతులకు చూపించడం నేటికీ ఆచారంగా ఉన్నది. రంజాను మాసం ముగిసే సంధ్యవేళ నెలవంక కొరకు హైదరాబాదు మేడలపై నుండి వేల కళ్లు పడమటి ఆకాశాన్ని వెదకుతాయి. మతం ఏదైనా, వృత్తి ఏదైనా, అందరూ తలయెత్తి చూచిన ఆకాశం ఒక్కటే.

నేడు ఆ ఆకాశం ఎలా ఉన్నదో తెలుసుకొనుటకు ఒకసారి గచ్చిబౌలికి వెళ్లి చూద్దాము. గచ్చు అంటే సున్నంతో చేసిన కట్టడపు పూత. బౌలి అంటే బావి. గచ్చు కట్టిన బావి అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణ బండరాళ్లు, చెరువులు, పొదలు నిండిన ఈ ప్రాంతంలోనే ఉన్నది. సమీపంలోని మాదాపూర్‌లో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతపు రూపురేఖలే మారిపోయినవి. అదే సంవత్సరం గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. క్రీడా ప్రాంగణాలు వచ్చినవి. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు బాహ్యవలయ రహదారి మొదటి భాగం తెరుచుకొన్నది. అద్దాల గోడలతో పదుల అంతస్తుల భవనాలు లేచినవి. మనకు రాత్రి అయినప్పుడు అమెరికాలో పగలు కాబట్టి ఇక్కడి అనేక కార్యాలయాలలో రేయింబవళ్లు పని సాగుతూనే ఉంటుంది. వేలాది యువతీయువకులకు ఉపాధి కల్పించిన ఆ అభివృద్ధి మనకు గర్వకారణమే.

కాని చీకటి పడిన తరువాత అక్కడి ఏ మేడపైనైనా నిలిచి తలయెత్తి చూస్తే ఆకాశం నల్లగా ఉండదు; బూడిద, నారింజ రంగులు కలిసిన పలుచని తెర కప్పినట్లుంటుంది. నిజంగా చీకటైన ప్రదేశంలో, చంద్రుడు లేని నిర్మలమైన రాత్రి, మామూలు కంటికి ఒకే సమయంలో సుమారు 2,500 నక్షత్రాలు కనిపిస్తాయి. మహానగరం నడుమ అవి కొన్ని పదులకు తగ్గిపోతాయి. పాలపుంత అసలే కనిపించదు. వసిష్ఠ నక్షత్రాన్ని ప్రయత్నించి గుర్తించినా, దాని పక్కన మసకగా మెరిసే అరుంధతి కంటికి ఆనడం కష్టం. కల్యాణ మండపపు దీపాల మధ్య నిలిచి పురోహితుడు చూపిన దిక్కుకు నూతన దంపతులు నమస్కరిస్తారు. వారు నమస్కరించేది ఎక్కువసార్లు ఆ దిక్కుకే గాని చుక్కకు కాదు.

ఇందుకు కారణమేమి? అవసరం లేని చోట, అవసరం లేని వేళ, అవసరాన్ని మించి ప్రసరించే కృత్రిమ కాంతినే కాంతి కాలుష్యం అంటారు. ఇది ముఖ్యంగా మూడు రూపాలలో కనిపిస్తుంది. దీపం నేరుగా కంటిలో పడి చూపును మిరుమిట్లు గొలపడం మొదటిది. వీధిదీపపు వెలుగు, ప్రకటనల బోర్డుల వెలుగు మన అనుమతి లేకుండానే పడకగది కిటికీలోనికి చొరబడటం రెండవది. నగరమంతటి వెలుగు పైకి పోయి ఆకాశాన్నే వెలిగించడం మూడవది. దీనిని ఆకాశ దీప్తి అనవచ్చు.

ఆకాశ దీప్తి ఎలా కలుగుతుందో శాస్త్రీయంగా పరిశీలిద్దాము. పై కప్పు లేని గోళాకారపు దీపం వెలుగును అన్ని దిక్కులకు వెదజల్లుతుంది. అందులో సగం వరకు ఆకాశం వైపునకే పోతుంది. నేలపై పడిన వెలుగులో కొంత సిమెంటు రోడ్డును, అద్దాల గోడను తాకి తిరిగి పైకి లేస్తుంది. వాతావరణంలోని అణువులు, ధూళికణాలు, పొగ దానిని నలువైపులకు చెదరగొడతాయి. అలా చెదరిన కాంతి మరల మన కంటికి చేరి, నక్షత్రాల నుండి వచ్చే సన్నని కాంతిని కప్పివేస్తుంది. పగటివేళ నక్షత్రాలు ఎక్కడికీ పోవు. సూర్యకాంతి చెదరినందువలన కనిపించవు. నగరంలో రాత్రివేళ జరిగేదీ అదే.

ఇందులో రంగుకు ప్రాధాన్యం ఉన్నది. గాలిలోని అణువులు నారింజ రంగు కాంతికంటె నీలి కాంతిని సుమారు మూడు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. పగటి ఆకాశం నీలంగా ఉండటానికి కారణం కూడా ఇదే. పూర్వపు సోడియం దీపాలు పసుపు, నారింజ రంగుల కాంతిని ఇచ్చేవి. కేంద్ర ప్రభుత్వం 2015లో వీధిదీపాలను ఎల్‌ఈడీ దీపాలుగా మార్చే జాతీయ కార్యక్రమాన్ని చేపట్టినది. 2017 తరువాత హైదరాబాదులో కూడా లక్షలాది వీధిదీపాలు అలా మారినవి. వీటివలన విద్యుత్తు ఎంతో ఆదా అవుతుంది. అయితే చల్లని తెలుపు రంగు ఎల్‌ఈడీ దీపంలో నీలి కాంతి పాలు ఎక్కువ. పైగా వెలుగు చౌక అయినకొద్దీ మనిషి మరిన్ని దీపాలను వెలిగిస్తాడు. ఆదా చేసినదంతా అలంకరణకు వ్యయమైతే ఆకాశానికి మిగిలేది ఏమీ ఉండదు.

ఈ నగరం తన చీకటిని ఎలా పోగొట్టుకొన్నదో చెప్పగల గొప్ప సాక్షి ఒకటి ఉన్నది. అది హైదరాబాదులోని నిజామియా నక్షత్రశాల. నవాబు జఫర్ జంగ్ అనే విద్యాధికుడు ఖగోళశాస్త్రంపై మక్కువతో 1901లో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, నగరంలోని ఫిసల్‌బండలో తన ఆవరణలో నెలకొల్పినాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా నక్షత్రశాల అనే పేరు వచ్చినది. 1907లో జఫర్ జంగ్ మరణించగా, మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించినది. తరువాత అది అప్పటికి ఊరి వెలుపల ఉన్న బేగంపేటకు తరలినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోనికి వచ్చినది.

ప్రపంచంలోని నక్షత్రశాలలన్నీ కలిసి ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి నక్షత్రాల పట్టికను సిద్ధం చేయాలని 1887లో పారిస్ నగరంలో జరిగిన సమావేశం నిర్ణయించినది. ఆ మహాకార్యంలో దక్షిణాకాశంలోని ఒక పట్టీని కొలిచే బాధ్యతను హైదరాబాదు స్వీకరించినది. ఆ పని ముగించి ఉత్తరాకాశంలోని మరొక పట్టీని కూడా కొలిచినది. 1914 నుండి 1938 వరకు సాగిన ఆ కృషిలో ఏడు లక్షల అరవై వేలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదైనవి. కంప్యూటరు లేని కాలంలో, గాజు పలకలపై పడిన చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి సాధించిన ఫలితమిది. 1918లో ఆ నక్షత్రశాల బాధ్యతలు స్వీకరించిన టి.పి. భాస్కరన్ దానికి తొలి భారతీయ సంచాలకుడు.

ఈ నక్షత్రశాలలోనే పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు ఇక్కడి దూరదర్శినుల నడుమ పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనంతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లినాడు. 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. ఆయనే వేణు బప్పు. తరువాతి కాలంలో ఆయన తమిళనాడులోని జవ్వాది కొండలలో, నగరపు దీపాలకు దూరంగా ఉన్న కావలూరును వెదకి అక్కడ నక్షత్రశాలను నెలకొల్పినాడు. ఆయన మరణానంతరం 1986లో అక్కడి 2.34 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టినారు. ఒక బాలుని కంటిలో పడిన చుక్క దేశానికి ఎంతటి శాస్త్రవేత్తను ఇవ్వగలదో ఈ జీవితమే చెబుతున్నది.

నగరం పెరిగినకొద్దీ బేగంపేట నగరం నడిబొడ్డున పడినది. రహదారులు, దుకాణాలు, విమానాశ్రయపు దీపాలు నక్షత్రశాలను చుట్టుముట్టినవి. కొత్తగా తెప్పించిన 48 అంగుళాల దూరదర్శినిని అక్కడ నిలిపే వీలు లేకపోయినది. అందువలన నగరానికి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, రంగారెడ్డి జిల్లాలోని జాపాల, రంగాపూర్ గ్రామాల వద్ద మరొక నక్షత్రశాలను నిర్మించి 1968-69లో దానిని అక్కడ స్థాపించినారు. 1980 ఫిబ్రవరి 16న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుండే శాస్త్రవేత్తలు పరిశీలించినారు. కాలక్రమంలో నగరపు వెలుగులు ఆ దిక్కుకు కూడా పాకినవి. బేగంపేటలోని పాత ఆవరణలో ఇప్పుడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉన్నది. నగరపు పిల్లలు చుక్కలను చూడాలంటే 1985లో నౌబత్ పహాడ్‌పై ప్రారంభమైన బిర్లా ప్లానెటేరియంలో, కప్పు కింద చూస్తున్నారు.

ఫిసల్‌బండ నుండి బేగంపేటకు, బేగంపేట నుండి రంగాపూర్‌కు సాగిన ఈ ప్రయాణాన్ని తలచుకొంటే ఒక విషయం స్పష్టమవుతుంది. నగరం వెలుగుతో తరుముతూ ఉంటే చీకటి వెనుకకు తగ్గుతూ వచ్చినది. దూరదర్శిని ఆ చీకటిని వెదకుతూ వెళ్లినది. దూరదర్శిని కదలగలదు, ఊరు కదలలేదు. ఊరిలోని మనుషులు, చెట్లు, పక్షులు, పురుగులు ఎక్కడికి పోగలవు?

ఇదే సమస్య అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ అనే చిన్న నగరానికి కూడా ఎదురైనది. అక్కడ కూడా ఒక ప్రసిద్ధ నక్షత్రశాల ఉన్నది. వ్యాపార ప్రకటనల కొరకు ఆకాశంలోనికి వేసే శోధన దీపాలను ఆ నగరం 1958లోనే చట్టం ద్వారా అరికట్టినది. తరువాత వీధిదీపాలకు కూడా నియమాలు ఏర్పరచుకొన్నది. 2001లో ప్రపంచంలో మొట్టమొదటి చీకటి ఆకాశ నగరంగా గుర్తింపు పొందినది. హైదరాబాదులో నగరం కొరకు నక్షత్రశాల కదిలినది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో నక్షత్రశాల కొరకు నగరం తన దీపాలను మార్చుకొన్నది. రెండు మార్గాలలో ఏది మేలైనదో విద్యార్థులే ఆలోచించాలి.

ఖగోళ శాస్త్రజ్ఞులు కొద్దిమందే గదా, వారి కొరకు ఇంతటి చర్చ ఎందుకని కొందరు అనవచ్చు. నష్టం వారికి మాత్రమే కాదు. కోట్ల సంవత్సరాలుగా భూమిపైని ప్రాణులన్నీ పగలు, రాత్రి అనే రెండింటి క్రమానికి అలవాటు పడినవి. రాత్రిపూట ఎగిరే చిమ్మటలు పూలకు పరాగ సంపర్కం చేస్తాయి. అవి దీపం చుట్టూ తిరిగి తిరిగి అలసి చనిపోతే పూవు కాయగా మారే అవకాశం తగ్గుతుంది. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు మన సముద్రతీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్ల నుండి వెలువడిన పిల్లలు రాత్రివేళ ప్రకాశవంతంగా కనిపించే దిక్కే సముద్రమని నమ్మి అటు నడుస్తాయి. తీరంలో దీపాలుంటే దారి తప్పి ఊరివైపు పోయి ప్రాణాలు కోల్పోతాయి.

మనిషి శరీరానికి కూడా ఒక గడియారం ఉన్నది. చీకటి పడిన తరువాత మెలటోనిన్ అనే హార్మోను స్రవించి నిద్రకు సిద్ధం చేస్తుంది. కంటిపై పడే కాంతి, ముఖ్యంగా నీలి కాంతి, ఆ స్రావాన్ని అణచివేస్తుంది. ఈ దేహగడియారం పనితీరును వెల్లడించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, రాత్రివేళ పనిచేయడం క్యాన్సరుకు బహుశా కారణం కాగలదని 2007లో వర్గీకరించి, 2019లో ఆ మాటనే మరల ధ్రువపరచినది. రాత్రి కార్యాలయాలు అధికంగా ఉన్న గచ్చిబౌలి వంటి ప్రాంతం వారు ఈ విషయాన్ని తప్పక గమనించాలి. రాత్రి పని ముగించి వచ్చినవానికి, పగలంతా చదివి అలసిన విద్యార్థికి చీకటి గది విలాసం కాదు, అవసరం.

మనం కోల్పోతున్నది ఎంత వేగంగా కోల్పోతున్నామో కూడా తెలుసుకోవాలి. ప్రపంచ జనాభాలో 80 శాతానికి పైగా కాంతి కాలుష్యం గల ఆకాశం కింద జీవిస్తున్నారనీ, మూడవ వంతు మందికి పాలపుంత కనిపించదనీ 2016లో ప్రచురితమైన ప్రపంచ పటం తెలిపినది. 2011 నుండి 2022 వరకు సామాన్య ప్రజలు, ముఖ్యంగా ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలవారు, పంపిన నక్షత్ర పరిశీలనలను శాస్త్రజ్ఞులు విశ్లేషించి 2023లో ఫలితాలను ప్రకటించినారు. ఆకాశ దీప్తి సంవత్సరానికి సగటున 9.6 శాతం చొప్పున పెరుగుతున్నదని తేలినది. అంటే ఒక బిడ్డ పుట్టినప్పుడు 250 చుక్కలు కనిపించే చోట, ఆ బిడ్డకు 18 సంవత్సరాలు నిండేసరికి 100 మాత్రమే కనిపిస్తాయి. విద్యార్థులారా! ఇంటర్మీడియట్ ముగించే వయస్సు ఇంచుమించు అదే. ఈ లెక్క మరెవరిదో కాదు, మీ తరానిది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం కలుగుతుంది. దీపాలు తగ్గిస్తే భద్రత మాటేమిటి? అర్ధరాత్రి పని ముగించి బస్సు కొరకు వేచి ఉండే యువతికి వెలుగు కావాలి. రోడ్డు దాటే వృద్ధునికి వెలుగు కావాలి. ఈ అవసరాన్ని తక్కువ చేసి మాట్లాడటం తగదు. కాని దీపపు కాంతి నేరుగా కంటిలో పడితే కనుపాప ముడుచుకొని, దాని వెనుక నీడలో నిలిచిన మనిషి అసలే కనిపించడు. అదే దీపానికి పైన, పక్కల మూత పెట్టి వెలుగును నేలపైకి దించితే దారి, దారిలోని మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తాయి. ఆకాశానికి పోయే వెలుగు ఏ యువతికీ దారి చూపదు. కావలసినది తక్కువ వెలుగు కాదు, తగిన వెలుగు. దీపాలను ఆర్పమని కాదు, వాటి తలలు దించమని కోరుతున్నాము.

తగిన వెలుగుకు అయిదు సూత్రాలు చెప్పవచ్చు. అవసరం ఉన్న చోటనే దీపం ఉండాలి. దాని కాంతి నేలవైపే పడాలి. ఎంత కావాలో అంతకు మించి ప్రకాశం ఉండరాదు. అవసరం తీరిన వేళ తగ్గాలి, లేదా ఆరిపోవాలి. నీలి పాలు ఎక్కువగా గల తెల్లని కాంతికి బదులు 3000 కెల్విన్లకు మించని వెచ్చని పసుపు కాంతిని వాడాలి. ఇందులో కొత్తగా కనుగొనవలసినది ఏదీ లేదు. ఖర్చు కూడా అత్యల్పం. గాలి కలుషితమైతే శుభ్రపడటానికి దినాలు, నెలలు పడుతుంది. నది కలుషితమైతే సంవత్సరాలు పడుతుంది. కాంతి కాలుష్యం మాత్రం మీట నొక్కిన క్షణంలో మాయమవుతుంది. కరెంటు పోయిన రాత్రి డాబాపై పడుకొన్నవారికి అకస్మాత్తుగా నిండు ఆకాశం కనిపించడమే ఇందుకు నిదర్శనం.

ఈ దిశలో మన దేశంలో మంచి ప్రయత్నాలు మొదలైనవి. లడఖ్‌లోని హాన్లే ప్రాంతంలో 4,500 మీటర్ల ఎత్తున బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు చెందిన నక్షత్రశాల ఉన్నది. దాని చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రదేశాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించినారు. అక్కడి గ్రామస్థులు కిటికీలకు మందపాటి తెరలు వేసి, దీపాలకు మూతలు పెట్టి ఆకాశాన్ని కాపాడుతున్నారు. వారిలో కొందరు శిక్షణ పొంది, యాత్రికులకు దూరదర్శినితో నక్షత్రాలను చూపి ఆదాయం పొందుతున్నారు. చీకటి వారికి జీవనాధారమైనది. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో మన దేశపు తొలి చీకటి ఆకాశ ఉద్యానంగా అంతర్జాతీయ గుర్తింపు పొందినది. ఫ్రాన్సు దేశంలో, ఉద్యోగులు వెళ్లిన గంటలోపల కార్యాలయాల దీపాలు ఆర్పివేయాలని 2013 నుండి నియమం అమలులో ఉన్నది. మన దేశంలో నీటి కాలుష్య నివారణకు 1974లో, గాలి కాలుష్య నివారణకు 1981లో చట్టాలు వచ్చినవి. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చినవి. కాంతి కాలుష్యానికి దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం ఇంకా రావలసి ఉన్నది.

హాన్లే జనం పలుచగా ఉన్న ప్రదేశం, గచ్చిబౌలి మహానగరం. రెండింటికీ పోలిక ఏమిటని నిరుత్సాహపడనవసరం లేదు. గచ్చిబౌలిలో పాలపుంత మరల కనిపించకపోవచ్చు. కాని ఖాళీ అంతస్తులలో తెల్లవార్లూ వెలిగే దీపాలను ఆర్పడానికి, ప్రకటనల తెరల ప్రకాశాన్ని అర్ధరాత్రి తరువాత తగ్గించడానికి ఏ అడ్డంకీ లేదు. ఒక్కొక్క కార్యాలయం, ఒక్కొక్క గృహ సముదాయం ఈ పని చేస్తే కోల్పోయిన చుక్కలలో కొన్నైనా తిరిగి వస్తాయి. నగరపు దీప్తి తగ్గితే దాని ప్రభావం పదుల కిలోమీటర్ల దూరంలోని పల్లెల ఆకాశానికి కూడా మేలు చేస్తుంది.

గచ్చిబౌలిలో ఇంకా కొంత చీకటి మిగిలి ఉన్నది. విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ, దానిని ఆనుకొని ఉన్న కంచ భూములు, చెరువులు అందుకు ఆశ్రయం. వీపుపై చుక్కల వంటి గీతలు గల నక్షత్ర తాబేలు, నెమలి, చుక్కల జింక అక్కడ నివసిస్తున్నవి. సమాచార సాంకేతిక సంస్థల కొరకు ఉద్దేశించిన సుమారు 400 ఎకరాల కంచ గచ్చిబౌలి భూమిలో చెట్ల తొలగింపు మొదలైనప్పుడు విద్యార్థులు ఆందోళన చేసినారు. 2025 ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం ఆ పనులను నిలిపివేయవలసినదిగా ఆదేశించినది. అటువంటి స్థలం విలువను లెక్కించేటప్పుడు చెట్లను, నీటిని, ప్రాణులను లెక్కించినట్లే అక్కడి చీకటిని కూడా లెక్కలోనికి తీసుకోవాలి. అడవిలో దీపస్తంభం నాటితే చెట్టు నిలిచినా రాత్రి నిలువదు.

కార్తిక మాసంలో దేవాలయ ధ్వజస్తంభంపై ఆకాశదీపం కట్టడం మన ఆచారం. ఆ ఒక్క చిన్న దీపం ఊరందరికీ కనిపించడానికి కారణం దాని చుట్టూ చీకటి ఉండటమే. వేల దీపాల మధ్య వెలిగించిన దీపం ఎవరి కంటికీ ఆనదు. నూరేళ్లుగా మన దూరదర్శిని చీకటిని వెదకుతూ ఊరి నుండి ఊరికి కదిలినది. ఇక కదలవలసినది అది కాదు. మన దీపాలు తమ వెలుగును ఆకాశం నుండి నేలకు మరల్చుకోవాలి. తాతలు చూపించిన పిల్లలకోడిని మనుమలకు చూపించగలిగితే, ఆ చిన్న చుక్కల గుంపులో వారికి మనం ఇచ్చేది ఒక ఆకాశమంత ఆస్తి.

కఠిన పదాలు - అర్థాలు

అసంఖ్యాకము = లెక్కింపరానిది
కార్తె = సూర్యుడు ఒక నక్షత్రం వద్ద ఉండే కాలం
వేగుచుక్క = తెల్లవారుజామున కనిపించే శుక్ర గ్రహం
గచ్చు = సున్నంతో చేసిన గట్టి పూత
దీప్తి = వెలుగు, కాంతి
దూరదర్శిని = దూరపు వస్తువులను చూపే సాధనం, టెలిస్కోపు
నక్షత్రశాల = నక్షత్రాలను పరిశీలించే స్థలం
సంచాలకుడు = నిర్వహించేవాడు, డైరెక్టరు
చిమ్మట = రాత్రివేళ ఎగిరే సీతాకోకచిలుక వంటి పురుగు
కంచ = పశువుల మేతకు విడిచిన బీడు భూమి

వ్యాకరణం

సప్తర్షి = సప్త + ఋషి – గుణసంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణసంధి
విశ్వవిద్యాలయం = విశ్వవిద్యా + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
రేయింబవళ్లు = రేయియును, పగలును – ద్వంద్వ సమాసం
నక్షత్ర సమీపం = నక్షత్రము యొక్క సమీపం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ. సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. దూరదర్శిని కదలగలదు, ఊరు కదలలేదు.
2. కావలసినది తక్కువ వెలుగు కాదు, తగిన వెలుగు.
3. అడవిలో దీపస్తంభం నాటితే చెట్టు నిలిచినా రాత్రి నిలువదు.

ఆ. ఒక్క వాక్యంలో సమాధానం వ్రాయండి.
1. నిజామియా నక్షత్రశాలకు మూలపురుషుడు ఎవరు?
2. పల్లె ప్రజలు పిల్లలకోడి అని దేనిని పిలుస్తారు?
3. నీలి కాంతి ఆకాశ దీప్తిని ఎక్కువగా కలిగించడానికి కారణమేమి?
4. మన దేశపు తొలి చీకటి ఆకాశ ఉద్యానం ఏది?

ఇ. పది పంక్తులలో సమాధానం వ్రాయండి.
1. కాంతి కాలుష్యం రూపాలను, తగిన వెలుగుకు గల అయిదు సూత్రాలను వివరించండి.
2. హైదరాబాదు, ఫ్లాగ్‌స్టాఫ్ నగరాలు ఒకే సమస్యను ఎదుర్కొన్న విధానాలను పోల్చండి.

ఈ. వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. భద్రతకు వెలుగు, ప్రకృతికి చీకటి రెండూ అవసరమే. ఈ రెండింటి మధ్య సమన్వయం ఎలా సాధ్యమో పాఠం ఆధారంగా చర్చించండి.

ఉ. చేసి చూడండి.
చలికాలంలో చంద్రుడు లేని ఒక రాత్రి, మీ ఇంటి డాబాపై దీపాలు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేవరకు పదిహేను నిమిషాలు ఆగి, పిల్లలకోడి గుంపులో మీకు కనిపించే చుక్కలను లెక్కించండి. చీకటి ప్రదేశంలో ఆరు లేక ఏడు కనిపిస్తాయి. బంధువుల ఊరికి వెళ్లినప్పుడు అక్కడ కూడా లెక్కించి, రెండు సంఖ్యలను తరగతిలో పోల్చి చర్చించండి.